జనరల్ ప్యాటన్‌కి మైనపు ముఖం



సినిమా విడుదలైనప్పుడు దాని మీద గొడవలు లేవడం మనకు కొత్త కాదు. కానీ విడుదలైన 38 ఏళ్లకి, ఇంట్లో చూసుకోవడానికి అమ్మిన డిస్కు మీద గొడవ లేచింది. అదీ కథ బాగాలేదనో నటన తేలిపోయిందనో కాదు, కథానాయకుడి నుదుటి మీద ముడతలు ఏమైపోయాయని! ఈ పూట ఆ విచిత్రం సంగతి చెప్పుకుందాం.

సినిమా పేరు ‘ప్యాటన్’. 1970లో వచ్చింది. దర్శకుడు ఫ్రాంక్లిన్ షాఫ్నర్. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో, సిసిలీలో, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో అమెరికన్ సేనలను నడిపిన జనరల్ జార్జ్ ప్యాటన్ కథ అది. స్క్రిప్టు రాసిన ఇద్దరిలో ఒకరు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా. అప్పటికి ఆయన ‘గాడ్‌ఫాదర్’ ఇంకా తీయలేదు. ప్యాటన్ వేషం వేసిన జార్జ్ సి. స్కాట్‌కి ఉత్తమ నటుడిగా ఆస్కార్ ప్రకటిస్తే, నాకొద్దు పొమ్మన్నాడు. ఆయన వద్దన్నదానితో కలిపి ఆ సినిమాకి మొత్తం 7 ఆస్కార్లు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు అవి. కంబోడియాలోకి సైన్యాన్ని పంపిన 1970 వసంతంలోనే ప్రెసిడెంట్ నిక్సన్ వైట్‌హౌస్‌లో ఈ బొమ్మ మళ్లీ మళ్లీ వేయించుకుని చూశాడని ఆ కాలం చరిత్ర రాసినవాళ్లు తప్పకుండా ప్రస్తావిస్తారు. ఇది యుద్ధాన్ని పొగిడిన సినిమా అన్నవాళ్లున్నారు. యుద్ధపిచ్చి మనిషిని ఎలా తినేస్తుందో చూపించిన సినిమా అన్నవాళ్లూ ఉన్నారు. నా మటుకు నాకు రెండోవాళ్ల మాటే సబబనిపిస్తుంది. కానీ మొదటివాళ్లకి కూడా ఆధారాలు సినిమాలోనే దొరుకుతాయి. అదే దాని బలం.

ఈ సినిమాని తీసిన పద్ధతి గురించి కాస్త చెప్పాలి. గొడవకి వేరు అక్కడే ఉంది.

మామూలు సినిమా ఫిల్మ్ వెడల్పు 35 మిల్లీమీటర్లు. ‘ప్యాటన్’ని ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్ కోనెకాంప్ 65 మిల్లీమీటర్ల నెగెటివ్ మీద తీశాడు. దాని నుంచి హాళ్లకి వెళ్లిన పెద్ద ప్రింటు 70 మిల్లీమీటర్లు. ఆ ఎక్కువైన 5 మిల్లీమీటర్లు శబ్దం పట్టీల కోసం. మనకి 70 ఎంఎం అంటే కృష్ణ గారి ‘సింహాసనం’ గుర్తొస్తుంది, 1986లో తెలుగులో తొలి 70 ఎంఎం చిత్రంగా వచ్చింది కదా. ‘ప్యాటన్’ వాడిన పద్ధతి పేరు డైమెన్షన్-150. వంపు తిరిగిన పెద్ద తెర మీద వేస్తే ప్రేక్షకుడి చూపంతా బొమ్మే నిండిపోవాలన్నది ఉద్దేశం. ఆ పద్ధతిలో వచ్చిన కథా చిత్రాలు రెండే రెండు: 1966 నాటి ‘ది బైబిల్’, ఇది. ఆ తర్వాత ఇంకెవరూ దాని జోలికి పోలేదు.

అంత పెద్ద నెగెటివ్ వల్ల లాభమేమిటంటే, బొమ్మ పడే జాగా మామూలు ఫిల్మ్ కంటే దాదాపు 3 రెట్లుంటుంది. మిలిటరీ కోటు నేత, పతకాల రిబ్బన్ల మీద చారలు, తోలు బూట్ల మీద మెరుపు, ఎడారి దుమ్ము కనుబొమ్మల్లో చిక్కుకోవడం, అన్నీ పడతాయి. మొదటి సన్నివేశం చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. తెర నిండా అమెరికా జెండా. దాని ముందు చిన్న బొమ్మలా స్కాట్ నడిచి వస్తాడు. కెమెరా ఆయన ఉంగరాల్ని, పతకాల్ని, దంతపు పిడి పిస్తోలుని ఒక్కొక్కటిగా దగ్గరికెళ్లి చూపిస్తుంది. అప్పటికింకా ఆయన నోరు విప్పలేదు. మనిషి ఎవరో, ఏ తిక్కలో ఉన్నాడో ఆ వస్తువులే చెప్పేస్తాయి.

ఇలాంటి సినిమా ఇంట్లోకి ఎప్పుడొచ్చింది? అందరికంటే ముందే వచ్చింది. 1977లో మిషిగన్ రాష్ట్రానికి చెందిన ఆండ్రే బ్లే అనే వ్యాపారి ఫాక్స్ కంపెనీతో ఒప్పందం చేసుకుని 50 సినిమాల్ని వీడియో క్యాసెట్ల మీద అమ్మే హక్కు కొనుక్కున్నాడు. హాలీవుడ్ సినిమాలు జనం కొనుక్కుని ఇంట్లో పెట్టుకోవడం అక్కడ మొదలైంది. ఆ మొదటి 50లో ‘ప్యాటన్’ ఒకటి. క్యాసెట్టు ధర దాదాపు 50 డాలర్లు. ఆ రోజుల్లో అది ఖరీదే. అయినా కొన్నారు.

కొన్నవాళ్లు చూసిందేమిటి? ‘ప్యాటన్’ తెర ఎత్తు 1 అనుకుంటే వెడల్పు 2.2. అప్పటి టీవీ వెడల్పు 1.33. అంటే టీవీ నింపడం కోసం బొమ్మని అటూ ఇటూ కోసేస్తే దాదాపు 40 శాతం పోయినట్టే. యుద్ధభూమి పోయి, మధ్యలో ఉన్న ట్యాంకు మిగులుతుంది. విచిత్రమేమంటే అప్పుడు ఎవరూ వీధికెక్కలేదు. సినిమా ఇంటికి రావడమే గొప్ప. మన ఊళ్లలో కూడా టీవీ, వీసీఆర్ కలిపి రాత్రికి అద్దెకి తెచ్చుకుని, గీతలు పడుతున్నా, రంగులు కారుతున్నా తెల్లారే దాకా మూడు సినిమాలు చూసేసిన రోజులున్నాయి. అప్పుడు ‘బొమ్మ ఎలా ఉంది’ అనడిగితే కథ ఎలా ఉందనే అర్థం.

తర్వాత లేజర్ డిస్కు, డీవీడీ వచ్చాయి. వాటి తర్వాతి తరం డిస్కులు రెండు పోటీపడ్డాయి: హెచ్‌డీ డీవీడీ, బ్లూ-రే. 2008 ఫిబ్రవరిలో తోషిబా తన హెచ్‌డీ డీవీడీని మానుకుంటున్నానని ప్రకటించాక, బ్లూ-రేకి పోటీ లేకుండా పోయింది. అమెరికన్ డీవీడీ మీద బొమ్మలో మూడున్నర లక్షల చుక్కలుంటే, బ్లూ-రే మీద 20 లక్షలకు పైనే. పెద్ద నెగెటివ్ మీద తీసిన సినిమాకి ఇంతకంటే మంచి కాలం ఏముంటుంది? ఆ ఏడాదే ఫాక్స్ వాళ్లు ‘ప్యాటన్’ బ్లూ-రే తెచ్చారు. నార్మండీ దాడి మీద 1962లో వచ్చిన నలుపు తెలుపు చిత్రం ‘ది లాంగెస్ట్ డే’ కూడా అప్పుడే వచ్చింది.

మొదట వచ్చిన సమీక్షల్లో చాలావాటి నిండా పొగడ్తలే. ఇంత పాత సినిమా ఇంత శుభ్రంగా ఉందేమిటి! ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు, నిన్న తీసినట్టుంది! మార్కులు దండిగా వేశారు. ఇంట్లో కొత్త టీవీ కొన్నవాళ్లు పక్కింటివాళ్లని పిలిచి చూపించడానికి పనికొచ్చే డిస్కు అన్నారు.

కొన్నాళ్లకి వేరే గొంతులు వినిపించాయి. ఫిల్మ్‌తో పనిచేసినవాళ్లు, హాల్లో పెద్ద ప్రింటు చూసినవాళ్లు అడగడం మొదలుపెట్టారు: ఈ ముఖాలు ఇలా ఉన్నాయేమిటి? చర్మం మీద రంధ్రాలేవి? స్కాట్ చెంపలు మైనంతో పోత పోసినట్టున్నాయేం? కోటు మీద నేత ఏమైంది? ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ని 1989లో బాగుచేసి బతికించిన రాబర్ట్ హారిస్ లాంటి నిపుణుడు కూడా ఈ తప్పు ఎత్తిచూపినవాళ్లలో ఉన్నాడు. దాంతో ఇదేదో నలుగురు వెర్రి అభిమానుల గోల అని కొట్టిపారేయడానికి లేకపోయింది.

ఇంతకీ జరిగిందేమిటి? ఫిల్మ్ మీద పూసిన పూతలో వెండి లవణాల సన్నటి రేణువులుంటాయి. వెలుగు తగిలి మారేవి అవే. రంగుల ఫిల్మ్‌ని కడిగేటప్పుడు వెండిని తీసేస్తారు, దాని చోట రంగుల సూక్ష్మమైన మరకలు మిగులుతాయి. బొమ్మంతా ఆ మరకల కూర్పే. తెర మీద సన్నగా కదులుతున్నట్టు కనిపించే ఆ పొడినే సినిమావాళ్లు గ్రెయిన్ అంటారు. సెకనుకి 24 ఫ్రేములు. ఏ రెండు ఫ్రేముల్లోనూ గ్రెయిన్ ఒకే చోట ఉండదు.

కంప్యూటర్‌కి గ్రెయిన్ తీసేయమని చెప్పారనుకోండి, అది పక్క పక్క ఫ్రేముల్ని పోల్చి చూస్తుంది. అన్నిట్లోనూ ఉన్నది బొమ్మ, ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేనిది చెత్త అని లెక్క వేస్తుంది. చెత్తని తుడిచేస్తుంది. దీన్నే డిజిటల్ నాయిస్ రిడక్షన్ అంటారు. మోతాదులో వాడితే మంచి పనిముట్టే. మోతాదు మించితే, గడ్డం మీద మొలిచిన వెంట్రుక చెత్త, కణతల మీది చెమట చెత్త, గాలిలో లేచిన ఇసుక కూడా చెత్తే. అన్నీ పోయాక బొమ్మ మెత్తబడిపోతుంది కాబట్టి అంచుల్ని మళ్లీ పదును పెడతారు. దాంతో మనుషుల చుట్టూ సన్నటి తెల్లగీత పుడుతుంది. పూర్వం ఫోటో స్టూడియోల్లో పెళ్లికూతురి ఫోటోకి టచప్ చేసి, మొటిమలతో పాటు ముక్కు పక్క గీతలు కూడా చెరిపేసి ఇచ్చేవారే, అదే పని ఇక్కడ లక్షల రూపాయల యంత్రాలతో జరిగింది.

పెద్ద నెగెటివ్ మీద గ్రెయిన్ అసలే సన్నగా ఉంటుంది. పోనీ చిన్న ఫిల్మ్ మీద చీకట్లో తీసిన సినిమా అయితే గ్రెయిన్ కళ్లలో పడుతోందని తీశారనుకోవచ్చు. తీయాల్సిన అవసరం అందరికంటే తక్కువ ఉన్న సినిమాకే ఈ శాస్తి జరిగింది.

అయితే స్టూడియో వాళ్లనే తిట్టి ఊరుకోవడం న్యాయం కాదు. అంతకుముందు వేరే డిస్కుల మీద వచ్చిన ఫిర్యాదులేమిటో చూడండి. వేలు పోసి కొత్త టీవీ కొన్నవాడు పాత సినిమా పెట్టుకుని, ఏమిటీ బొమ్మంతా పొడి రాలుతున్నట్టుంది, డబ్బులు దండగ అన్నాడు. అతనికి తెలిసిన మంచి బొమ్మ క్రికెట్ మ్యాచిలాంటిది, వీడియో కెమెరాతో నున్నగా తీసినది. సమీక్షకులు కూడా ‘గ్రెయిన్ ఎక్కువగా ఉంది’ అని మార్కులు తగ్గించారు. ఆ మాట విన్న కంపెనీ ఏం చేస్తుంది? తుడిచి ఇస్తుంది. తుడిచి ఇచ్చినదానికి మార్కులు పెరిగాయి. కాబట్టి ఆ మైనపు ముఖం పోత పోసిన చేతుల్లో సమీక్షకుడి చెయ్యి కూడా ఒకటని నా ఉద్దేశం.

పైగా రేణువులు యాదృచ్ఛికంగా మారుతుంటే వాటిని డిస్కులో కుదించడం కష్టం, చోటు తింటాయి. నున్నటి బొమ్మ సుళువుగా ఇమిడిపోతుంది. లెక్కలు కూడా తుడుపు వైపే మొగ్గాయన్నమాట.

ఇక్కడ ఓ తమాషా చెప్పాలి. అసలు జనరల్ ప్యాటన్ గారే శుభ్రత పిచ్చి మనిషి. 1943 మార్చిలో, ట్యునీషియాలో దెబ్బతిన్న సైన్యం పగ్గాలు తీసుకోగానే ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి, నెక్‌టై కట్టుకోనివాళ్లకి, హెల్మెట్ పెట్టుకోనివాళ్లకి జరిమానాలు వేయడం. సినిమాలో ఆ సన్నివేశాలున్నాయి. ఆయన హెల్మెట్ మటుకు అద్దంలా మెరుస్తుంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు మట్టి కొట్టుకుపోయి ఉంటారు. దర్శకుడు చెప్పదలుచుకున్నది ఆ తేడాలోనే ఉంది. ఒకడు మెరుస్తున్నాడు, వంద మంది మాసిపోయారు. డిస్కులో అందర్నీ సమంగా మెరిపిస్తే, ప్యాటన్ గారు సంతోషించేవారేమో గానీ సినిమా మటుకు చెడింది.

సిసిలీలో ఆస్పత్రి గుడారం సన్నివేశం తీసుకోండి. నిజంగా 1943 ఆగస్టులో జరిగినదాని మీద ఆధారపడినదే. కట్లు కట్టి పడుకోబెట్టిన సైనికుడి దగ్గర ప్యాటన్ మోకాళ్ల మీద కూర్చుంటాడు, పతకం పెడతాడు. లేచి రెండడుగులు వేస్తే అక్కడ ఒంటి మీద దెబ్బ లేని కుర్రాడు, నరాలు తట్టుకోలేకపోతున్నాయని ఏడుస్తూ కనిపిస్తాడు. చెంప ఛెళ్లుమంటుంది. ఆ దెబ్బ వల్లే పై అధికారి ఐసెన్‌హోవర్ ఆయన చేత సైనికులకి క్షమాపణ చెప్పించాడు. ఈ సన్నివేశానికి మాటలు తక్కువ. వణికే పెదవి, కారిన చెమట, కొట్టినవాడి కళ్లలో తిరిగిన నీళ్లు, వీటి మీదే నడుస్తుంది. ఇవి మసకబారితే మిగిలేది కథా సారాంశం.

‘ప్యాటన్’ డిస్కు వచ్చిన రెండేళ్లకి, 2010 మే నెలలో ఇంకో యుద్ధ చిత్రం డిస్కు మీద అలజడి రేగింది. స్పీల్‌బర్గ్ ‘సేవింగ్ ప్రైవేట్ ర్యాన్’. ఇందులో గ్రెయిన్ దండిగా ఉంది, రంగులు వెలిసిపోయి ఉన్నాయి, కావాలనే. ఛాయాగ్రాహకుడు యానుష్ కమిన్‌స్కీ లెన్సుల మీది పూత గీకించేసి, షట్టర్ కోణం తగ్గించి, కడిగేటప్పుడు రంగు లాగేసి ఒమాహా బీచ్ యుద్ధాన్ని తీశాడు. డిస్కులో దాన్ని ముట్టుకోకుండా ఉంచారు, మెచ్చుకోవాలి. కానీ మొదటి విడత డిస్కుల్లో కొంత భాగంలో మాటకీ పెదవికీ పొంతన తప్పింది. పారమౌంట్ వాళ్లు సరుకు వెనక్కి తీసుకున్నారు. నెల తిరక్కుండానే అంతా జరిగిపోయింది.

‘ప్యాటన్’కి మారు డిస్కు రావడానికి ఎంత పట్టింది? 2012 దాకా ఆగాల్సి వచ్చింది. 4 ఏళ్లు. శబ్దం తప్పితే చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు. బొమ్మలో ముడత మాయమైతే, అక్కడ ముడత ఉండేదని తెలిసినవాడే పట్టాలి. అలాంటివాడు సమీక్షకుడై ఉండాలని మనం ఆశిస్తాం. కానీ 2008లో సమీక్ష రాసినవాళ్లలో 70 ఎంఎం ప్రింటు హాల్లో చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? వాళ్లకి పోల్చుకోవడానికి ఉన్నది పాత డీవీడీ ఒక్కటే. దానికంటే బాగుంది కాబట్టి బాగుందన్నారు. తప్పు పట్టలేం, ఒప్పుకోనూలేం.

పాత సినిమాని ముట్టుకోకూడదని నేననడం లేదు. మన ‘మాయాబజార్’నే చూడండి. 1957లో కె.వి. రెడ్డి గారు తీసిన నలుపు తెలుపు చిత్రానికి హైదరాబాదులో గోల్డ్‌స్టోన్ సంస్థ రంగులు వేసి 2010 జనవరిలో హాళ్లలో విడుదల చేసింది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ పట్టిన వెన్నెలకి రంగెందుకని నాకైతే అనిపించింది. పడవ పాటలో ఆ వెలుగునీడలే సగం పాట. అయినా అక్కడ మోసమేమీ లేదు. రంగులు వేశామని పోస్టరు మీదే చెప్పారు. నచ్చినవాడు వెళ్లాడు, నచ్చనివాడు ఇంట్లో పాతదే పెట్టుకున్నాడు. అలాగే 2018లో పీటర్ జాక్సన్ మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫిల్ములు బ్రిటన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం నుంచి తీసుకుని, వేగం సరిచేసి, రంగులద్ది, పెదవుల కదలిక చదివేవాళ్లని పెట్టి మాటలు కూడా అతికి ‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’ తీశాడు. వందేళ్ల కిందటి కుర్రాళ్లు మనవైపు తిరిగి నవ్వితే ఒళ్లు జలదరించినవాళ్లున్నారు. ఇది చరిత్ర కాదు, అలంకారం అన్న పండితులూ ఉన్నారు. వాదన ఏదైనా బహిరంగంగా జరిగింది. ‘ప్యాటన్’ డిస్కు కొన్నవాడికి మటుకు అతని సినిమాకి ఏం చేశారో డబ్బా మీద ఎవరూ రాయలేదు. అతను కొన్నది 1970 నాటి సినిమానే అనుకున్నాడు.

ఆ జాక్సన్ గారికే న్యూజీలాండ్‌లో ఉన్న పార్క్ రోడ్ స్టూడియోలో జేమ్స్ కామెరాన్ పాత సినిమాలకి కృత్రిమ మేధతో మెరుగులు పెట్టారు. ‘ఏలియన్స్’ లాంటి వాటి 4కే డిస్కులు 2024లో వచ్చాయి. మళ్లీ అదే గోల, అవే మైనపు ముఖాలు. ఈసారి తేడా ఏమిటంటే దర్శకుడు బతికే ఉన్నాడు, నాకిలాగే కావాలన్నాడు. షాఫ్నర్ 1989లోనే పోయాడు, ఆయన్ని అడిగే వీలు లేకపోయింది. మన దగ్గర కూడా 4కే చేసి హాళ్లలో మళ్లీ వేస్తున్న తెలుగు సినిమాలు ఇప్పుడు బోలెడు. ఏ నెగెటివ్ నుంచి చేశారు, రంగులు ఎవరు దిద్దారు, ఆ సినిమా తీసిన ఛాయాగ్రాహకుడు చూశాడా లేదా, ఈ మూడింటి గురించి రాసిన సమీక్ష కోసం నేను వెతుకుతుంటాను. దొరికేది ఎక్కువగా ‘క్లారిటీ అదిరింది’ అన్న మాటే.

‘ప్యాటన్’ చూడాలనుకున్నవాళ్లు 2012 నాటి డిస్కు చూడండి. అందులో గ్రెయిన్ వెనక్కి వచ్చింది. అన్నీ తిరిగొచ్చాయని కాదు, కానీ మనుషులు మనుషుల్లా ఉన్నారు. ఆన్‌లైన్‌లో చూసేవాళ్లకి ఏ కాపీ పెట్టారో చెప్పే దిక్కు ఉండదు, ముఖాలు చూసి మీరే పోల్చుకోవాలి.

పెట్టుకునే ముందు ఒక పని చేయండి. మంచి డిస్కు తెచ్చినా మీ టీవీయే మళ్లీ తుడిచేసే ప్రమాదముంది. కొత్త టీవీల్లో నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ చాలావరకు షాపు నుంచే ఆన్ అయి వస్తాయి. కంపెనీని బట్టి వాటి పేర్లు మారుతుంటాయి. సినిమాని సీరియల్‌లా మార్చేసే ఈ మోషన్ స్మూతింగ్‌ని ఆపేయమని టామ్ క్రూజ్ 2018లో ప్రత్యేకంగా వీడియో చేసి మరీ బతిమాలాడు. ఆ తర్వాతి ఏడాదే టీవీ కంపెనీలు, దర్శకులు కలిసి ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒకటి ప్రకటించారు. మీ టీవీలో అది ఉంటే ఒక్క నొక్కుతో సరిపోతుంది. లేకపోతే పిక్చర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ రెండూ ఆఫ్ చేసి, షార్ప్‌నెస్ కూడా బాగా తగ్గించి, అప్పుడు చూడండి. మొదట్లో బొమ్మ కాస్త మెత్తగా అనిపిస్తుంది. ఓ పావుగంటలో కన్ను అలవాటు పడుతుంది.